ప్రోతెసిలావోస్‌ను చంపింది హెక్టరేనా?

సంపాదకులకు,

మీ ఆదివారం సంచికలో ట్రాయ్ యుద్ధం మీద వచ్చిన వ్యాసంలో, గ్రీకుల్లో అందరికన్నా ముందు ఒడ్డుకు దూకి నేలకూలిన ప్రోతెసిలావోస్‌ను ట్రాయ్ రాకుమారుడు హెక్టర్ చంపాడని గ్రీకు కవి హోమర్ రాసినట్టు వేశారు. హోమర్ అలా అనలేదు. అతని కావ్యం ఇలియడ్ రెండో సర్గలో, ఎవరు ఎన్ని ఓడలతో వచ్చారో చెప్పే ఓడల పట్టీలో 695వ పాదం నుంచి 710 దాకా ఈ వీరుడి సంగతే. ఓడ దిగుతుండగా ‘దార్దనుడొకడు’ (ట్రోజన్ల పక్షాన పోరాడిన దార్దన జాతివాడు) చంపాడంటాడు కవి, పేరు చెప్పడు. హెక్టర్ కూడా అటువైపువాడే కదా అనుకోవడానికి లేదు. అదే సర్గలో ట్రోజన్లకు హెక్టర్, దార్దనులకు ఐనియాస్ నాయకులని విడివిడిగా ఉంది. హెక్టర్ పేరు ‘సిప్రియా’ అనే వేరే కావ్యం నుంచి వచ్చింది. ఆ కావ్యం పోయింది, సారాంశం, కొన్ని ముక్కలు మాత్రం మిగిలాయి.

నాయకుడు పోయాక సేన చెల్లాచెదురైందన్నదీ తప్పే. అతని ఊరు ఫిలాకే నుంచి వచ్చిన ఆ 40 ఓడలవాళ్లు అతని కోసం బెంగపడ్డారు గానీ, తమ్ముడు పొదార్కెస్ వాళ్లను నడిపించాడు. అన్నంత యోధుడు కాడని కవి మొహమాటం లేకుండా చెప్తాడు.

వ్యాసం అసలు ముట్టుకోనిది అతని ఓడను. మనిషి తొలిరోజే పోయాడు, ఓడకు యుద్ధం పదో ఏట పని పడింది. అతని ఓడలూ మరో గ్రీకు వీరుడు అయాస్ ఓడలూ ఉన్నచోట గ్రీకుల గోడ ఎత్తు తక్కువ (13వ సర్గ). ట్రోజన్ల ఒత్తిడంతా అటే వచ్చింది. 15లో హెక్టర్ ఆ ఓడ వెనుక కొసను పట్టుకుని వదలడు, నిప్పు తెమ్మని అరుస్తాడు. 16లో ఓడ అంటుకుంటుంది. ఆ మంట చూశాకే, అలిగి పోరుకు దూరంగా ఉన్న గ్రీకు వీరుడు అకిలీస్ తొడలు చరుచుకుని, పోరుకు వెళ్లమని స్నేహితుడు పాట్రొక్లస్‌ను తొందరపెడతాడు. మన వీధినాటకంలో భీముడు తొడ చరిస్తే అది సవాలు, ఇక్కడ మాత్రం కంగారు. పాట్రొక్లస్ వచ్చి మంట ఆర్పేసరికి ఓడ సగం కాలింది. పాట్రొక్లస్ చావు, ఆపైన హెక్టర్ చావు, అన్నీ ఆ మంట వెంట వచ్చినవే.

ఇక భార్య లావొదామియా కోసం ప్రోతెసిలావోస్ కొన్ని గంటలపాటు పాతాళం నుంచి తిరిగొచ్చిన కథ. బాగానే ఉంటుంది, కాని అదీ హోమర్‌ది కాదు. ఇలియడ్‌లో ఆమెకు పేరే లేదు. చెంపలు రక్కుకున్న భార్య, సగం కట్టిన ఇల్లు, అంతే. సిప్రియాలో ఆమె పేరు పొలిదోరా. అర్జునుడి కొడుకు ఇరావంతుడి విషయంలోనూ ఇలాగే కలిపేస్తుంటారు. వ్యాస భారతంలో అతను ఎనిమిదో రోజు పోరులో అలంబుసుడి చేతిలో పోతాడు. యుద్ధానికి ముందే అతన్ని కళబలి (గెలుపు కోసం ఇచ్చే నరబలి) ఇచ్చారన్నది తర్వాత తమిళంలో వచ్చిన కథ. రెండూ చెప్పుకోవచ్చు, ఏది ఎక్కడిదో చెప్పి చెప్పాలి.

ప్రోతెసిలావోస్ సమాధి, ట్రాయ్‌కి ఎదురుగా యూరప్ వైపు తీరాన ఉన్న ఎలయూస్‌లో ఉండేది. క్రీ.పూ. 334లో అలెగ్జాండర్ ఆసియాలో అడుగుపెట్టే ముందు అక్కడ బలి ఇచ్చాడు, తన దిగడం అతనిలా కాకూడదని.

వ్యాసం విద్యార్థుల కోసమన్నారు. క్విజ్‌లో ‘ఎవరు చంపారు’ అని అడిగితే పిల్లలు హెక్టర్ అనే రాస్తారు. వచ్చే ఆదివారం సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి