‘పీప్లీ లైవ్’లో అతి ఎక్కడుంది?

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ‘పీప్లీ లైవ్’ మీద వచ్చిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు. చస్తేనే రైతును పట్టించుకునే ప్రభుత్వాన్ని చూపించడం ‘వ్యంగ్యం కోసం చేసిన అతి’ అట! ఆ రాసినాయన మన అనంతపురం జిల్లాలో ఏదో ఒక ఆఫీసు వరండాలో ఓ పూట కూర్చుంటే తెలుస్తుంది.

2010లో వచ్చిన ఆ సినిమాలో అప్పు కట్టలేక నత్థా, బుధియాల భూమి వేలానికొస్తుంది. చస్తే ప్రభుత్వం నుంచి లక్ష వస్తుందని తెలిసి అన్న బుధియా తమ్ముడు నత్థాను చావుకు ఒప్పిస్తాడు. మన రాష్ట్రంలో ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు పరిహారమిచ్చే 421 జీవో 2004లోనే వచ్చింది. లక్ష పరిహారం, అప్పులిచ్చినవాళ్లకు కట్టడానికి ఇంకో యాభై వేలు. తర్వాత డబ్బు పెరిగింది, ఆఫీసుల చుట్టూ తిప్పడం తగ్గలేదు. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ సహాయ సంచాలకుడు ముగ్గురూ కమిటీగా కలిసి చచ్చినవాడు రైతేనా, అప్పుల వల్లే చచ్చాడా అని తేల్చాలి. ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, పాసుపుస్తకం, అప్పు పత్రాలు కావాలి. కౌలు రైతుకు పాసుపుస్తకం ఎక్కడిది? నోటు రాయించుకున్న వడ్డీవ్యాపారి దాన్ని తెచ్చి ఆఫీసులో చూపిస్తాడా? సినిమా చివర నత్థా ప్రమాదంలో పోయాడు, ఆత్మహత్య కాదు కాబట్టి పరిహారం లేదంటారు. అది మీ సమీక్షకుడికి కామెడీ. ఇక్కడ అదే మాట గుమాస్తా నోట విని, కొంగులో ఫైలు చుట్టుకుని వెనక్కి పోయే ఆడవాళ్లున్నారు.

లోపాలు లేవని కాదు. రైతు సినిమాలో సేద్యమే కనపడదు. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే శెనక్కాయ చేను ఎట్లుంటుందో, రెండో బోరు కూడా ఎండితే ఇంట్లో ఏమవుతుందో అందులో లేదు. టీవీ వ్యాన్లు ఊళ్లోకి దిగాక దర్శకురాలు అనూషా రిజ్వీ కూడా వాటి వెంటే పరిగెత్తారు. నత్థా భార్య ధనియాకు తిట్లు తప్ప కథ లేదు. మట్టి తవ్వి అమ్ముకుంటూ ఆ గుంతలోనే ప్రాణం వదిలే హోరీ మహతో మీద కెమెరా నిలిచేది కాసేపే. నన్నడిగితే సినిమా మొత్తానికి ప్రాణం అతనే.

ఇంతా రాసిన మీవాళ్లు రాకేశ్‌ను ఎట్లా మరిచిపోయారు? నవాజుద్దీన్ సిద్దిఖీ వేసిన చిన్న ఊరి విలేకరి. వార్త తెచ్చింది అతను, పేరు పెద్ద ఛానళ్లది. హోరీ సంగతేంటని అడిగినవాడూ అతనే. చివరికి అతని శవాన్నే నత్థా అనుకుంటారు. జీతం లేకుండా యాడ్ల టార్గెట్లతో తిరిగే మండల విలేకరులు పత్రికలవాళ్లకు తెలియరా? తెలిసే వదిలేశారేమో లెండి.

పోయాడనుకున్న నత్థా గుడ్‌గావ్‌లో కట్టడం కూలీగా తేలాడు. మనవాళ్లు బెంగళూరులో తేలుతున్నారు. రాత్రి బస్సులు ఆగేచోట బియ్యం మూట, పొయ్యి, నిద్రపోతున్న పిల్లతో నిలబడ్డ కుటుంబాలు కనపడతాయి. కరువు బృందాలు మాత్రం పంట పోయాక వచ్చి, కారు అద్దం దించి చూసి పోతాయి.

ఆ త్రిసభ్య కమిటీల ముందు జిల్లాలో ఎన్ని ఫైళ్లు ఎన్నేళ్లుగా పడున్నాయో కనుక్కుని మీ జిల్లా పేజీలో వేయండి. చోటు లేదంటారేమో, నాయకుల పుట్టినరోజు ప్రకటనలు ఒక్కరోజు ఆపండి.

– ఒక పాఠకుడు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా