ఈక్వెడార్ రాజధాని క్విటో గైడు పుస్తకంపై నా ఫిర్యాదును మీకు మీరే మూసేసుకున్నారు కనుక మళ్ళీ రాస్తున్నాను

కస్టమర్ కేర్ పెద్దవారికి (అలాంటివారు ఒకరున్నారనే నమ్మకంతో),

అయ్యా / అమ్మా,

నిన్న మీ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. ‘మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?’ అని. ఏ సమస్య? ఎవరు పరిష్కరించారు? నాతో ఒక్క ముక్క చెప్పకుండా ఫిర్యాదు మూసేసి, పైగా నన్నే మార్కులు వేయమంటారా?

బ్యాక్‌ప్యాకర్ల కోసమని మీరు అమ్మే క్విటో గైడు కొన్నాను. అట్ట మీద ‘తాజా ఎడిషన్’ అని ఉంది. తప్పులన్నీ ఏకరువు పెట్టను, అది జీతం తీసుకునే మీ ఎడిటర్ల పని. మచ్చుకి చెప్తాను. విమానం దిగాక టాక్సీలో పావుగంటలో ఊళ్ళో ఉంటారని రాశారు. ఊళ్ళో ఉండే ఆ పాత విమానాశ్రయం 2013 ఫిబ్రవరిలోనే మూతపడింది. ఇప్పుడది బిసెంతెనారియో పార్కు, రన్‌వే మీద జనం సైకిళ్ళు తొక్కుతున్నారు. విమానాలు దిగేది ఊరికి తూర్పున సుమారు 18 కిలోమీటర్ల అవతల, తబాబేలాలో. ఇక బన్యోస్ అనే ఊరికి వెళ్ళే బస్సు పాతబస్తీ పక్కన కుమందా బస్టాండులో ఎక్కమన్నారు. దాన్ని 2009లో మూసేశారు. అదీ పార్కే అయింది! బస్సులు దక్షిణాన ఉన్న కీటుంబే బస్టాండు నుంచి బయల్దేరతాయి. మీ పుస్తకం పట్టుకెళ్తే ఊరు చూస్తామో లేదో గానీ పార్కులకు మాత్రం లోటుండదు. కీటుంబేకి 2023 డిసెంబరు నుంచి మెట్రో నడుస్తోంది, టికెట్టు 45 సెంట్లు. దాని ఊసే లేదు.

ఇదంతా ముందు మీ చాట్‌లో పెట్టాను. అక్కడుండేది రోబోట్ అట. క్విటో అనగానే ‘క్షమించండి, ఆ ప్రాంతానికి డెలివరీ లేదు’ అంది. డెలివరీ అక్కర్లేదు మొర్రో అంటే పిన్‌కోడ్ అడిగింది.

ఫోన్‌లో దొరికిన మొదటాయన మహా మర్యాదస్తుడు. ప్రతి మాటకీ ముందొక ‘సార్’, వెనకొక ‘సార్’. మధ్యలో విషయమే లేదు. అంతా విని, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నాడు. నేను కొన్నది అచ్చు పుస్తకం. ‘అయితే డ్యామేజీ ఫోటో పంపండి సార్’ అన్నాడు. చిరగలేదు, తడవలేదు, పేజీలు ఊడలేదు అన్నాను. ‘మరి ప్రాబ్లం ఏంటి సార్?’ అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి మొదలు.

తర్వాతావిడ ‘సంబంధిత విభాగానికి పంపించామండీ’ అంది. ఏ విభాగమమ్మా అంటే ‘బ్యాకెండ్’ అంది. బ్యాకెండ్ వారికి ఫోన్లుండవట. పట్టుబడితే ఎడిటోరియల్ వాళ్ళ మెయిల్ ఐడీ ఇచ్చింది. రాశాను. ‘ఈ మెయిల్‌ను ఎవరూ చూడరు’ అని క్షణంలో జవాబొచ్చింది. మీ సంస్థ మొత్తంలో నాతో నిజం చెప్పింది అదొక్కటే.

ఒళ్ళు మండింది మాత్రం సూపర్‌వైజరు దగ్గర. ఎల్ పనెసీయో కొండ మీది మేరీమాత విగ్రహం దగ్గరికి పాతబస్తీ నుంచి మెట్లెక్కి వెళ్తే ఖర్చు లేకుండా హాయిగా ఉంటుందని మీ గైడు చెప్తోంది. ఆ మెట్లదారిలో పర్యాటకులను దోచుకుంటారు, టాక్సీలోనే వెళ్ళు అని హాస్టల్ కుర్రాడి దగ్గర్నుంచి పోలీసు దాకా అందరూ నాకు చెప్పారు. మిగతావన్నీ వదిలేయండి, ఇదొక్కటి వెంటనే సరిచేయండి, రేపు ఇంకెవరి పిల్లలో ఈ పుస్తకం నమ్మి ఎక్కుతారు అని బతిమాలాను. ‘మిమ్మల్నెవరైనా దోచుకున్నారా సార్?’ అన్నాడు. లేదన్నాను. ‘అంటే కస్టమర్‌కి నష్టం లేదు’ అని పైకి చదువుకుంటూ టైపు చేసుకున్నాడు. దోపిడీ జరిగాక మళ్ళీ ఫోన్ చేయాలేమో మరి.

‘చిన్న చిన్న తేడాలు ఏ గైడులోనైనా సహజం’ అని కూడా సెలవిచ్చాడు. క్విటో శివార్లలో భూమధ్యరేఖకు గుర్తుగా కట్టిన ‘మితాద్ దెల్ ముందో’ అనే స్తంభం అసలు రేఖకు దాదాపు 240 మీటర్లు పక్కన ఉంది. చిన్న తేడా అంటే అదండీ. మీ విమానాశ్రయం ఏకంగా ఊరే దాటిపోయింది.

కాలేజీలో హంపీకి వెళ్ళినప్పటి నుంచీ మీ పుస్తకాలే కొంటున్నాను. హైదరాబాద్‌లో మా ట్రెక్కింగ్ బృందంలో ఎవరు ఎటు బయల్దేరినా దగ్గరుండి మీ గైడే కొనిపించాను. ఫోనుండగా ఈ మోతబరువు ఎందుకురా అని నవ్విన వాళ్ళతో మీ తరఫున గొడవపడ్డాను, పైసా కమీషన్ లేకుండా. దానికి ప్రతిఫలంగా మీరు పంపింది పది శాతం తగ్గింపు కూపన్. తెరిచి చూస్తే గడువు అప్పటికే తీరిపోయింది.

పుస్తకం డబ్బు ఎలాగూ వెనక్కివ్వాలి, అది వేరే చెప్పను. ముందు పేరున్న మనిషి ఒకరు, ఆ పుస్తకం చేతిలో పట్టుకుని నాకు ఫోన్ చేయాలి. కొండ మెట్ల సంగతి ఏం చేశారో చెప్పాలి. ‘సార్’ అనకపోయినా ఫర్వాలేదు. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి చెప్తాను, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మా ట్రెక్కింగ్ గ్రూపులో ఏం రాస్తానన్నది అదనం.

అప్పుడు మీ లాయరు గారు హైదరాబాద్ రావాల్సి వస్తుంది. దయచేసి ఆయన చేతికి మీ గైడు మాత్రం ఇచ్చి పంపకండి, పాపం బేగంపేటలో దిగుతానని టాక్సీ మాట్లాడుకుంటారు. విమానాలు శంషాబాద్‌కి మారింది 2008లో.

ఇట్లు,
ఇంకా మీ కస్టమరే (ప్రస్తుతానికి),
హైదరాబాద్