ఆ కప్ప ఎక్కడ పుట్టిందో అడగండి

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో నీలం కప్ప ఫోటో వేసి, ఇది ఒక్కటి చాలు పది మందిని చంపడానికి, ఇలాంటివాటిని అమెరికాలో బెడ్‌రూముల్లో పెంచుకుంటున్నారు అని రాసారు కదా, ఆ బెడ్‌రూము బ్యాచ్‌లో నేనూ ఉన్నానండి. మాది రాజమండ్రి దగ్గర, ఇప్పుడు ఉండేది న్యూజెర్సీలో. ఇంట్లో గాజు పెట్టెల్లో డార్ట్ ఫ్రాగ్స్ అనే రంగురంగుల బుల్లి కప్పలు రెండు రకాలు ఉన్నాయి, గుడ్లు పెడుతున్నాయి, పిల్లలవుతున్నాయి, మేమందరం శుభ్రంగా ఉన్నాం. మీ ఐటెమ్ చదివిన దగ్గర్నుంచి మా అత్తయ్యలు, పిన్నులు, వాళ్ళ పక్కింటివాళ్ళు అందరూ ఫోన్లు చేస్తున్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఒకేసారి మీకే రాసేస్తున్నా.

ముందు ఫోటో సంగతి. మీరు వేసిందీ డార్ట్ ఫ్రాగే, టింక్టోరియస్ అనే జాతిలో నీలం రంగుది, సురినామ్ దక్షిణాన గడ్డి మైదానాల మధ్య మిగిలిన అడవి ముక్కల్లో ఉంటుంది. పది మందిని చంపుతుంది అనే లెక్క దీనిది కాదు, ఫిల్లోబేట్స్ టెర్రిబిలిస్ అని ఇంకోటి ఉంది, పసుపుపచ్చగా ఉంటుంది, కొలంబియా పసిఫిక్ తీరంలో కొద్ది జాగాలోనే దొరుకుతుంది, ఆ లెక్క దానిది. సైన్సువాళ్ళు 1978లో దానికి పేరు పెట్టారు గానీ అక్కడి ఎంబెరా జనానికి అది తరతరాలుగా తెలుసు, ఊదుడు గొట్టంలో పెట్టి కొట్టే పుల్లబాణాల మొనల్ని దాని వీపు మీద రుద్ది వేటకి తీసుకెళ్ళేవాళ్ళు. డార్ట్ ఫ్రాగ్స్ మొత్తం దాదాపు 200 జాతులుంటే బాణాలకి వాడినట్టు గట్టి ఆధారం ఉన్నవి మూడే, మూడూ ఈ ఫిల్లోబేట్స్ వాళ్ళే, వాళ్ళ ముగ్గురి వల్ల చుట్టాలందరికీ చెడ్డపేరు.

సరే అసలు విషయం. ఈ కప్పలు విషాన్ని సొంతంగా తయారుచేసుకోవు, అడవిలో తినే చీమలు, మైట్స్ అనే సూక్ష్మ పురుగులు, చిన్న చిన్న పెంకుపురుగుల్లో ఉన్న ఆల్కలాయిడ్లని, అంటే ఆ విషపదార్థాలని, అలాగే పోగేసుకుని చర్మంలో దాచుకుంటాయి. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో జాన్ డేలీ అని ఒకాయన దశాబ్దాల తరబడి దీనిమీదే పనిచేసారు. పనామా ఆకుపచ్చ కప్ప పిల్లల్ని రెక్కల్లేని పళ్ళఈగలు పెట్టి పెంచితే చర్మంలో ఆల్కలాయిడ్ అనేదే కనపడలేదు, అవే పిల్లలకి అడవిలో రాలిన ఆకుల కింది పురుగులు తెచ్చి పెడితే చర్మంలోకి ఆల్కలాయిడ్లు వచ్చేసాయి. ఈక్వెడార్‌లో ఒక బుల్లి కప్ప నుంచి ఆయన తీసిన ఎపిబాటిడిన్ అనే పదార్థం నొప్పి తగ్గించడంలో మార్ఫిన్‌కి 200 రెట్లు పనిచేసింది, ఆ కప్పలు తెచ్చింది 1974లో, దాని నిర్మాణం తేల్చి పేపర్ వేసింది 1992లో, మధ్యలో ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందంటే ఒక కారణం ఇదే, ల్యాబ్‌లో పెంచిన కప్పల్లో ఆ పదార్థం లేదు! చివరికి అది మందుగా కూడా పనికిరాలేదు, నొప్పి తగ్గించే డోసుకీ చంపే డోసుకీ మధ్య తేడా మరీ తక్కువ.

కాబట్టి మా పెట్టెల్లో ఉన్నవాటికి విషం లేదు. టెర్రిబిలిస్ అయినా సరే గాజుపెట్టెలో పుట్టి పళ్ళఈగలు తిని పెరిగితే మన పెరట్లో కప్పకంటే ప్రమాదం కాదు. అడవిలో పట్టి తెచ్చిన టెర్రిబిలిస్‌కి మాత్రం ఇంట్లో పెట్టుకున్నా ఏళ్ళ తరబడి విషం అలాగే ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, ఒక పెంపుడు డార్ట్ ఫ్రాగ్‌కి విషం ఉంది అని ఎవరన్నా గొప్పగా చెప్పారంటే అది అడవిలోంచి ఎత్తుకొచ్చిందని వాళ్ళే ఒప్పుకుంటున్నట్టు. మీ ఐటెమ్‌లో చంపుతుందా చంపదా అని రెండు కాలమ్‌లు రాసారు గానీ ఇవి ఎక్కడ పుట్టాయి అని ఒక్క ముక్క కూడా లేదు, నా బాధంతా అదే.

ఇంట్లో పుట్టడం ఎలాగో చెప్తా, ఎందుకంటే నేను దీంట్లో పడింది అందుకే. పెట్టె అడుగున మట్టిగోళీల పొర, దానిపైన జాలీ, దానిపైన బెరడు ముక్కలు నాచు బొగ్గు కలిపిన మిక్స్, ఆపైన ఎండుటాకులు, ఆకుల కింద స్ప్రింగ్‌టెయిల్స్ అని కంటికి ఆనీ ఆనని తెల్ల పురుగులు, ఇవే చెత్తంతా తినేసి క్లీనింగ్ చూసుకుంటాయి. వేడి 22 నుంచి 26 డిగ్రీలు, తేమ 80 శాతం పైన. తిండి ఇంటర్ జువాలజీలో మనందరం పేరు బట్టీపట్టిన డ్రోసోఫిలా ఈగలే, ఎగరలేని రకం, ప్లాస్టిక్ కప్పుల్లో మనమే పెంచాలి, వేసే ముందు కాల్షియం విటమిన్ పొడిలో దొర్లించి వేస్తాం. ఈగల కప్పు ఒకటి చెడిపోతే వారం తిండి గోవిందా, అందుకని ఎప్పుడూ రెండుమూడు కప్పులు ముందువెనకలుగా నడుస్తుండాలి, నిజం చెప్పాలంటే ఇది కప్పల హాబీ కాదు ఈగల హాబీ.

టింక్టోరియస్ మగది గట్టిగా అరవదు, పక్కన కూర్చుంటే గానీ వినపడనంత చిన్న బరబర. (రెండో పెట్టెలో ఉన్నవి వెనెజులా వైపు లూకోమెలాస్, నలుపు మీద పసుపు పట్టీలు, ఆ మగాళ్ళు మాత్రం పిట్ట కూసినట్టు కూస్తారు, ఆఫీసు కాల్స్‌లో అందరూ మీ ఇంట్లో ఏం పక్షి అంటారు.) ఆడది వెనకాలే వెళ్ళి ముందుకాళ్ళతో మగదాని వీపు తడుతూ ఉంటుంది, ఈ తిరుగుడు ఒక్కోసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా. సగం కొబ్బరిచిప్పకి గుమ్మం కోసి బోర్లించి కింద గాజు పళ్ళెం పెడితే దాంట్లో నాలుగైదు గుడ్లు పెడతాయి. అడవిలో అయితే గుడ్లకి కాపలా, తడి చెయ్యడం, పొదిగిన తర్వాత పిల్లని వీపు మీద ఎక్కించుకుని చెట్టు తొర్రలో నీళ్ళు వెతికి దింపి రావడం అంతా తండ్రి డ్యూటీయే. మేం పళ్ళెం బయటికి తీసేస్తాం, రెండు వారాలకి తోకకప్పలు వస్తాయి, ఒక్కోదాన్ని ఒక్కో కప్పులో వెయ్యాల్సిందే, కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ కప్పు నీళ్ళలో ఒక ఎండుటాకు ముక్క వేస్తారు, నీళ్ళు టీ రంగులోకి మారి ఫంగస్ పట్టకుండా ఉంటుందని. ఇక్కడ ప్యాకెట్లలో డాలర్లు పోసి కొనే ఆ ఆకు ఏంటనుకున్నారు, మన బాదం చెట్టు ఆకు! చిన్నప్పుడు రోజూ వాకిట్లో ఊడ్చి పోసిన సరుకు, మిగిలితే అమ్మమ్మ విస్తళ్ళు కుట్టేది.

రెండు రెండున్నర నెలలకి ముందుకాళ్ళు బయటికొస్తాయి, అప్పుడు కప్పుని పక్కకి వాల్చి నీళ్ళు తగ్గించకపోతే మునిగి చచ్చిపోతాయి, కప్పపిల్ల నీళ్ళలో మునిగి చావడమేంటని నవ్వకండి, ఊపిరితిత్తులు వచ్చేసాక వాటికి గట్టు కావాలి. కొన్నిటికి ముందుకాళ్ళు అగ్గిపుల్లల్లా సన్నగా వస్తాయి, అవి బతకవు, తల్లికి విటమిన్ ఎ తక్కువైతే అలా అవుతుందని చాలామంది అంటారు. బతికినవి పది పన్నెండేళ్ళు ఉంటాయి. ఇంత పని చేసి పెంచిన లూకోమెలాస్ పిల్ల ఇక్కడ 50-60 డాలర్లు, పెన్సిల్వేనియాలో హ్యాంబర్గ్ అనే ఊళ్ళో జరిగే రెప్టైల్ షోకి వెళ్తే బల్లల మీద వరసగా ఉంటాయి, ఎవరి దగ్గర పుట్టింది, తల్లిదండ్రులది ఏ వంశం అని రాసి మరీ ఇస్తారు.

అన్నీ ఇలా చేతిలో పెరగవు. ఊఫాగా అనే గుంపు ఉంది, వాటి తల్లి పిల్లలున్న నీటిగుంట దగ్గరికి మళ్ళీమళ్ళీ వచ్చి ఫలదీకరణం కాని గుడ్లు పెట్టి అవే తినిపిస్తుంది, వేరే తిండితో ఆ పిల్లలు నిలబడటం చాలా కష్టం, అందుకే పిల్లలు తక్కువ, రేటు ఎక్కువ, రేటుంటే దొంగలు. 2024 జనవరిలో బొగోటా ఎయిర్‌పోర్టులో బ్రెజిల్ ఆవిడ ఒకరిని పట్టుకున్నారు, సూట్‌కేసులో ఫిల్మ్ రోల్ డబ్బాల్లో కుక్కిన 130 కప్పలు, ఒక్కోటి 1000 డాలర్ల దాకా పలుకుతుందని పోలీసులే చెప్పారు. ఆ ఫిల్మ్ డబ్బాలనే మేం గాజుపెట్టెలో అడ్డంగా అతికించి చిన్న జాతులు గుడ్లు పెట్టుకోడానికి ఇస్తాం, ఆ న్యూస్ చదివాక కొన్నాళ్ళు వాటివైపు చూడబుద్ధి కాలేదు. అదే కొలంబియాలో ఇవాన్ లొజానో అనే ఆయన టెసోరోస్ దె కొలంబియా అని పెట్టి ఈ జాతుల్నే ప్రభుత్వ పర్మిషన్‌తో పెంచి ఎగుమతి చేస్తున్నారు, పెంచినవి మార్కెట్లోకి వచ్చి రేటు పడిపోతే స్మగ్లర్‌కి గిట్టదు అని ఆయన లెక్క. నాకైతే కరెక్టే అనిపిస్తుంది, కొనేవాళ్ళని తిట్టి మానిపించినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు.

ఇంకో సంగతి ఎవరూ రాయరు. కప్పల్ని ప్రపంచమంతా చంపుతున్న కైట్రిడ్ ఫంగస్‌ని 1999లో ఒక కొత్త జాతిగా వర్ణించింది వాషింగ్టన్ నేషనల్ జూలో చచ్చిపోయిన నీలం డార్ట్ ఫ్రాగ్ నుంచి, అంటే మీ ఫోటోలో ఉన్న రకమే. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం దానివల్ల 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయి, అందులో 90 పూర్తిగా పోయాయనే అనుకుంటున్నారు. అందుకే కొత్త కప్ప వస్తే వేరే పెట్టెలో కొన్ని వారాలు ఉంచి టెస్ట్ చేయిస్తాం, పెట్టె కడిగిన నీళ్ళలో బ్లీచ్ కలపకుండా బయట పారబొయ్యం. మా మీద భయపడాలంటే దీనికి భయపడండి, ఊళ్ళో చెరువు పక్కన ఇలాంటి నీళ్ళు ఎవరన్నా ఒలకబోస్తారేమో అని.

ఇక ఫోన్లలో వచ్చిన రెండో ప్రశ్న, హైదరాబాద్‌లో దొరుకుతాయా అని. 30 డిగ్రీలు దాటితే ఈ కప్పలు తట్టుకోలేవు, మన మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే సాయంత్రానికి పెట్టె ఖాళీ. అదొకటి. చట్టం ఇంకోటి, అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే ఒప్పందం ఉంది, డార్ట్ ఫ్రాగ్స్ దాని రెండో అనుబంధంలో ఉన్నాయి. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, అందులో సైటిస్ జంతువుల కోసం నాలుగో షెడ్యూల్ పెట్టారు, 2024 ఫిబ్రవరిలో రూల్స్ కూడా వచ్చాయి, ఇలాంటివి ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖవాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చెయ్యాలి, పిల్లలు పుట్టినా చచ్చినా చేతులు మారినా చెప్పాలి. మంచి రూలే. కాకపోతే బ్యాంకాక్ నుంచి దిగే సూట్‌కేసుల్లో బల్లులు పాములు తాబేళ్ళు దొరికాయని మీ పేపర్లోనే చదువుతుంటాం, దొరికినవాటి ఫోటో వేస్తారు, అక్కడితో వార్త అయిపోతుంది. వాటికోసం ఇక్కడ ఎదురుచూస్తున్నవాళ్ళు ఎవరు, పట్టుకున్న జంతువులు తర్వాత ఎక్కడికెళ్ళాయి, రెండు రాష్ట్రాల్లో ఇప్పటిదాకా ఎంతమంది రిజిస్టర్ చేసుకున్నారు, మీ విలేకరులు అటవీశాఖని అడిగి రాస్తే చదవాలని ఉందండి.

ఇట్లు
మీ పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ