‘చేయి’ పర్యాయపదాలకు వాక్యాలు కూడా కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. మీ పత్రిక విద్యార్థుల పేజీలో ఇటీవల ‘చేయి’ అనే మాటకు కరము, హస్తము, పాణి, బాహువు, భుజము అని ఐదు పర్యాయపదాలు ఇచ్చారు. పదో తరగతి పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలు వీటిని అచ్చయినవి అచ్చయినట్టే వల్లెవేస్తారు కనుక, ఆ జాబితా గురించి నాకు తోచిన విషయాలు మీ దృష్టికి తెస్తున్నాను.

ఆ ఐదూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలే. ‘కేలు’ అనే తెలుగు మాటకు అందులో చోటు దొరకలేదు. ఎర్రని అరచేతిని ‘కెంగేలు’ అని కవులు ఎంత మురిపెంగా వాడుకున్నారో పద్యం చదివిన ప్రతివారికీ తెలుసు. తమిళ, కన్నడ, మలయాళాలలో నేటికీ చేతికి వాడే ‘కై’ మనకు విడిగా వినిపించకపోయినా కైమోడ్పు, కైదండ, కైకొనడం, కైవసం వంటి మాటల్లో చెక్కుచెదరకుండా ఉంది. (కైఫీయతులోని ‘కై’కి దీనితో చుట్టరికం లేదు, అది అరబ్బీ మాట.)

భుజము సంగతి మరీ చిక్కైనది. నిఘంటువును బట్టి చూస్తే మీరు వేసింది తప్పు కాదు. సంస్కృతంలో భుజమంటే బాహువే కాబట్టి చతుర్భుజుడంటే నాలుగు చేతులవాడు, త్రిభుజంలోని భుజం కూడా ఆ చేతి నుంచే వచ్చింది. అయితే తెలుగువాడు భుజం మీద కండువా వేసుకుంటాడు, మెచ్చుకుంటే భుజం తడతాడు. అతని లెక్కలో అది మూపు. ఈ తేడా చెప్పకుండా మాట ఒక్కటే అందిస్తే, సొంత వాక్యం రాయమన్నప్పుడు ‘భుజంతో అన్నం తిన్నాను’ అని రాసే పిల్లవాణ్ణి తప్పుపట్టే హక్కు మనకుండదు.

హస్తము, చేయి కూడా సరిగ్గా ఒకే కొలత మాటలు కావు. హస్తమంటే సాధారణంగా మణికట్టు నుంచి వేలికొనల దాకా ఉన్న భాగం. మన చేయి మాత్రం మూపు దగ్గరే మొదలై ముంజేయిని, మోచేతిని, అరచేతిని అన్నింటినీ తనలో కలుపుకుంటుంది. అందుకే ‘చెయ్యి విరిగింది’ అన్న రోగిని వైద్యుడు ఎక్కడ అని మళ్ళీ అడగవలసి వస్తుంది. విచిత్రమేమిటంటే, కొలత పేరుగా వాడినప్పుడు సంస్కృత హస్తమే మోచేతి దాకా సాగి 24 అంగుళాలు, అంటే 24 వేళ్ళ వెడల్పు, అవుతుంది. పూలమ్మే ఆమె మోచేతికి దండ ఆనించి కొలిచి ఇచ్చే మూర అదే.

అదే పేజీలో కింద ‘కరము’కు నానార్థాలుగా చేయి, తొండము, కిరణము, పన్ను అని ఇచ్చారు. ఇవి సరైనవే, అమరకోశం కూడా కరమనే మాటకు పన్ను, చేయి, కిరణం అనే అర్థాలు చెప్పింది. తొండమనే కరం ఉన్నది గనుక ఏనుగు ‘కరి’ అయింది, హస్తం ఉన్నది గనుక ‘హస్తి’ అయింది. అయితే పద్యాల్లో ‘మిక్కిలి’ అనే అర్థంలో మరో ‘కరము’ కనిపిస్తుంది, ‘కరమొప్పె’ అంటే ఎంతో బాగున్నదని. పద్యభాగానికి ప్రతిపదార్థం రాయవలసిన విద్యార్థికి ముందుగా చెప్పవలసిన ఆ అర్థమే మీ జాబితాలో లేదు.

ఇక వాడుక విషయానికి వస్తే, పర్యాయపదాలు ఒకదాని చోట మరొకటి కూర్చునే మాటలన్న భ్రమను ఇటువంటి జాబితాలు పెంచుతున్నాయి. లంచమిచ్చేవాడు చెయ్యి తడుపుతాడు గానీ హస్తం తడపడు. కోపం పట్టలేనివాడు చేయిచేసుకుంటాడు, దాతను చేతికి ఎముక లేనివాడంటాం, పక్కింటివారి దగ్గర చేబదులు తీసుకుంటాం, కాగితం మీద చేవ్రాలు చేస్తాం. వీటిలో ఏ ఒక్కచోటా కరమో పాణియో పెట్టి చూడండి, మాట నవ్వులపాలవుతుంది. అలాగే మంచి వైద్యుడికి ఉండేది హస్తవాసే, సభలో మోగేవి కరతాళధ్వనులే, పెళ్ళిలో జరిగేది పాణిగ్రహణమే. ఆ పాణి సైతం చక్రపాణి, వీణాపాణి వంటి సమాసాలను విడిచి ఒంటరిగా తెలుగు వాక్యంలోకి రావడం బహు అరుదు. చేనేత అనే మాటలో చేతిని రోజూ పలుకుతూనే దాన్ని గుర్తుపట్టలేని పిల్లలకు శయము, పంచశాఖము వంటి మాటలు కంఠస్థం చేయించడంలో ప్రయోజనమేమిటో నాకు అర్థం కాదు; ఐదు కొమ్మలున్నది కనుక పంచశాఖమన్న వివరణతో చెబితే అది వేరే మాట.

కాబట్టి తమరు ఆ శీర్షికలో రోజుకు ఐదు మాటలకు బదులు రెండే మాటలు తీసుకుని, ప్రతి పర్యాయపదానికీ వాడుకలో ఉన్న ఒక్కొక్క వాక్యం జతచేయించవలసిందిగా కోరుతున్నాను. స్థలం చాలకపోతే కనీసం తెలుగు మాటలను ముందు, సంస్కృత సమాలను తరువాత వేయించండి. రేపో మాపో ‘కాలు’ వంతు వస్తుంది. అప్పుడు పాదమును దాని పక్కన ఊరకే పెట్టేయకుండా, అది చీలమండ కింది భాగమనీ, పద్యంలో ఒక పంక్తి అనీ, నాలుగో వంతు అనీ కూడా రాయించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
తెనాలి.