సెంటులో బేరిపండు ఉండదండీ

సంపాదకుల వారికి,

మీ ఆదివారం పేజీలో సెంట్ల మీద వచ్చిన వ్యాసంలో ‘బేరిపండు రసంతో చేసిన పరిమళం’ అన్న మాట చూసి ఉండబట్టలేక రాస్తున్నాను. రసమూ లేదు, పండూ లేదు. గులాబీ రేకుల్ని బట్టీ పెడితే అత్తరు వస్తుంది, కమలా తొక్క పిండితే నూనె వస్తుంది, బేరిపండులో మాత్రం సెంటుకు పనికొచ్చేంత నూనె దొరకదు. ఆ వాసన ల్యాబ్‌లో తయారైన ఈస్టర్లనే రసాయనాలది. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆల్కహాల్‌లో ఎసిటిక్ ఆమ్లం, రెండు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడిచేస్తే పరీక్షనాళికలోంచి పండ్ల వాసన వచ్చేది, అదే సంగతి. ఈ ఈస్టర్లలో హెక్సైల్ ఎసిటేట్‌ది కాస్త పచ్చి పండు వాసన. బార్ట్‌లెట్ రకం బేరిపండుకు ముగ్గిన వాసన తెచ్చేదాన్నయితే ‘పేర్ ఈస్టర్’ (పేర్ అంటే బేరిపండే) అనే పిలుస్తారు. కొత్త విద్యేం కాదు, 1851 లండన్ మహా ప్రదర్శనలోనే కృత్రిమ బేరి నూనె పెట్టారు.

పోయిన నెల ఇక్కడే ఒక మాల్‌లో సేల్స్ కుర్రాడు ‘హండ్రెడ్ పర్సెంట్ నేచురల్ ఫ్రూట్ మేడమ్’ అంటే నమ్మి బేరిపండు సెంటు ఒకటి కొన్నాను. అట్ట మీద చూపించిన స్ప్రే ఘుమఘుమలాడింది. మెట్రో దిగేసరికి బేరిపండు మాయం, మిగిలింది వెనీలా తీపి. తప్పు సీసాది కాదు, ఈ అణువులు తేలిక కాబట్టి ముందే ఎగిరిపోతాయి, అందుకే దీన్ని టాప్ నోట్ అంటారు. జో మలోన్ కంపెనీ 2010లో తెచ్చిన ఇంగ్లిష్ పేర్ అండ్ ఫ్రీజియా, లాంకోమ్ కంపెనీ 2012లో తెచ్చిన లా వీ ఏ బెల్ సెంట్లు రెండింట్లోనూ పైన పలకరించేది బేరే. మా చెల్లెలు నా సీసా వాసన చూసి ‘నెయిల్ పాలిష్‌లా ఉందక్కా’ అంది. తనదీ తప్పు కాదు, నెయిల్ పాలిష్‌లో వాడే బ్యూటైల్ ఎసిటేట్‌దీ ఇదే కుటుంబం. పైగా మన బండ్ల మీద దొరికే నాష్‌పాతీ బేరి కొరికితే కరకరలాడుతుందే గానీ వాసన అంతంతమాత్రం, ఇక పోల్చుకోవడానికి మనకేం తెలుస్తుంది!

ల్యాబ్‌లో పుట్టిందని నాకేం చిన్నచూపు లేదు, ఆ మాట దాచి అమ్మడమే మంట. చార్మినార్ దగ్గర అత్తరు అమ్మే పెద్దాయన చేతి మీద రాసి ‘లాడ్ బజార్ ఒక చుట్టు తిరిగి రామ్మా, అప్పుడు కొందువు’ అంటాడు. మాల్ కుర్రాడు బిల్లు కొట్టేదాకా ఊపిరి తీసుకోనివ్వలేదు. వచ్చే ఆదివారం ఆ వ్యాసానికి సవరణ వేయండి.

- ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్