ఐస్‌క్రీం ఏదో, కానిదేదో తెలుగులో రాయించండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్నటి ఆదివారం అనుబంధంలో 'ఐస్‌క్రీం పై' (బిస్కెట్ పొడితో చేసిన గిన్నెలాంటి అడుగులో ఐస్‌క్రీం నింపి గడ్డకట్టించే అమెరికా వంటకం) గురించి మీరు ప్రచురించిన వ్యాసాన్ని మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ ఆసక్తిగా చదివారు. చాలా ఏళ్లు గృహవిజ్ఞానం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని కనుక నేను మరికాస్త శ్రద్ధగా చదివాను. అందులో చరిత్రకు సంబంధించి ఒక సవరణ అవసరం. తయారీకి సంబంధించి అంతకంటే పెద్ద వెలితి ఒకటి కనిపించింది. అది వ్యాసకర్త చేసిన పొరపాటు కాదు, మన దుకాణాలలో ఐస్‌క్రీం పేరుతో సాగుతున్న అమ్మకాలకు సంబంధించినది. అందుకే ఈ ఉత్తరం.

ముందు సవరణ. అమెరికాలో 1920ల నాటి 'ఎస్కిమో పై'ని ఐస్‌క్రీం పైకి తొలిరూపంగా వ్యాసంలో పేర్కొన్నారు. అది చాక్లెట్ పూత వేసిన ఐస్‌క్రీం ముక్క, దానికి పేరులో తప్ప పై అనే వంటకంతో ఏ సంబంధమూ లేదు. డెన్మార్క్‌లో పుట్టి, అయోవా రాష్ట్రంలోని ఒనావా అనే చిన్న ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ మిఠాయి దుకాణం కూడా నడిపిన క్రిస్టియన్ కెంట్ నెల్సన్, 1920లో తన దుకాణానికి వచ్చిన ఒక కుర్రాడు ఐస్‌క్రీం కొనాలో చాక్లెట్ కొనాలో తేల్చుకోలేక తటపటాయించడం చూసి, రెంటినీ ఒకటిగా చేసి ఇస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. కరిగించిన చాక్లెట్ గడ్డకట్టిన ఐస్‌క్రీంకు పట్టకుండా జారిపోతూ ఉంటే, కోకో వెన్న పాళ్లు మార్చి మార్చి చూసి చివరకు దారి కనుక్కున్నాడు. మొదట దాని పేరు 'ఐ స్క్రీమ్ బార్'. 1921లో రస్సెల్ స్టోవర్ అనే వ్యాపారితో కలిసిన తరువాత అది 'ఎస్కిమో పై' అయింది, 1922 జనవరి 24న పేటెంటు వచ్చింది, ఆ ఏడాదే రోజుకు పది లక్షల చొప్పున అమ్ముడుపోయింది. అంత అమ్మినా, అనుకరించిన వాళ్ల మీద వేసిన దావాల ఖర్చే తడిసి మోపెడైంది. 1924లో వ్యాపారం రేకు కాగితం తయారు చేసే సంస్థ చేతికి వెళ్లింది. లోపలి సరుకు కనిపెట్టినవాడి కంటే పైన చుట్టే కాగితం అమ్మినవాడు బాగుపడ్డాడన్నమాట. ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు 'ఎస్కిమో' అనే మాటను కించపరిచేదిగా భావిస్తారు కాబట్టి 2020లో యజమాని సంస్థ ఆ పేరును వదులుకుని, తమ వ్యవస్థాపకులలో ఒకరైన జోసెఫ్ ఎడీ పేరు మీద 'ఎడీస్ పై' అని మార్చింది. సరుకులో లేని 'పై' మాత్రం పేరులో అలాగే ఉండిపోయింది.

మన భాషలో 'పై' అంటే మీద. అమెరికా వారి ఐస్‌క్రీం పైలో మాత్రం అసలు సంగతి అడుగున ఉంటుంది. వాళ్ల దగ్గర దొరికే గ్రాహమ్ క్రాకర్ అనే గోధుమ బిస్కెట్లను పొడి చేసి, కరిగించిన వెన్నతో తడిపి, పళ్లెం అడుగునా అంచులకూ గట్టిగా అదిమి గిన్నెలా నిలబెట్టేదే ఆ అడుగు. ఓవెన్‌లో కాల్చే పైలు ఎప్పటి నుంచో ఉన్నవే కానీ, ఇంట్లో ఐస్‌క్రీం పై చేసుకుని దాచుకోవాలంటే ఇంట్లోనే ఫ్రీజరు ఉండాలి. అందుచేత అమెరికాలో ఇళ్లకు ఫ్రీజర్లు చేరిన కొద్దీ ఇదీ ఇంటి వంట అయింది. మన దగ్గర డైజెస్టివ్ బిస్కెట్లతో గానీ మేరీ బిస్కెట్లతో గానీ అడుగు చక్కగా వస్తుంది. తొమ్మిది అంగుళాల పళ్లేనికి 200 గ్రాముల బిస్కెట్ పొడి, 90 గ్రాముల వెన్న సరిపోతాయి.

తయారీలో నేర్పంతా ఐస్‌క్రీంను మెత్తబరచడంలోనే ఉంది. ఐస్‌క్రీం అంటే కంటికి కనిపించని మంచు పలుకులు, గాలి బుడగలు, వాటి చుట్టూ పేరుకున్న కొవ్వు. నీరుగా కరిగేదాకా బయట ఉంచి మళ్లీ గడ్డకట్టిస్తే బుడగలు పోతాయి, మంచు పలుకులు పెద్దవవుతాయి, అవి సుమారు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే నాలుకకు ఇసుకలా తగులుతాయి. కనుక ఫ్రీజరులోంచి తీసి ఫ్రిజ్‌లో అరగంట లోపే ఉంచి, గరిటెకు లొంగగానే అడుగులో నింపి, మళ్లీ కనీసం నాలుగైదు గంటలు ఫ్రీజరులో పెట్టాలి. వేసవిలో కరెంటు పోయి పూర్తిగా కరిగిన దాన్ని తిరిగి గడ్డకట్టించి పిల్లలకు పెట్టడం రుచికే కాదు, ఆరోగ్యానికీ మంచిది కాదు.

ఇక అసలు విషయం. మీ వ్యాసం చదివిన ఉత్సాహంతో నా మనవరాలు మా వీధి దుకాణంలో ఒక లీటరు వెనిలా డబ్బా కొని తెచ్చింది. పై చేశాం, తిన్నాం, బాగుందనుకున్నాం. ఖాళీ డబ్బా కడుగుతూ కళ్లజోడు పెట్టుకుని చదివితే, దాని మీద ఎక్కడా ఐస్‌క్రీం అనే మాటే లేదు. మూలన చిన్న ఆంగ్ల అక్షరాలలో 'ఫ్రోజెన్ డెజర్ట్' (గడ్డకట్టించిన తీపి పదార్థం) అని ఉంది, పదార్థాల జాబితాలో వంటనూనె ఉంది. దుకాణదారు అడగగానే ఇచ్చిందీ, బిల్లులో రాసిందీ ఐస్‌క్రీం అనే. తిన్న నలుగురిలో ఒక్కరికీ తేడా తెలియలేదు, ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకూ తెలియలేదు. నాలుకకు పట్టుబడని తేడా కనుకనే దాన్ని కళ్లకు కనిపించేలా రాయమని అడుగుతున్నాను.

మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. ఐస్‌క్రీం అనాలంటే పాల కొవ్వు 10 శాతానికి, పాల మాంసకృత్తులు 3.5 శాతానికి తగ్గకూడదు, లీటరు సరుకు 525 గ్రాములకు తక్కువ తూగకూడదు. ఫ్రోజెన్ డెజర్టులో పాల కొవ్వుకు బదులు, 37 డిగ్రీలకు మించని వేడిలో కరిగే వంటనూనెలూ కొవ్వులూ వాడవచ్చు. అది నేరం కాదు, విషమూ కాదు, అందులోనూ పాల మాంసకృత్తులు ఉండవచ్చు. ఫ్రోజెన్ డెజర్టులలో వనస్పతి ఉంటుందని ధ్వనించే ఒక టీవీ ప్రకటన మీద 2017లో రెండు పెద్ద సంస్థలు బొంబాయి హైకోర్టుకు వెళ్లగా, ఆ ప్రకటనను ఆపమని కోర్టు ఆదేశించింది. కంపెనీల పరువు సంగతి కోర్టు చూసుకుంది. కొనేవాళ్ల సంగతి ఎవరు చూస్తారన్నదే నా ప్రశ్న. అమెరికాలో పాల కొవ్వుకు బదులు ఇతర కొవ్వులతో చేసే ఇలాంటి సరుకుకు 'మెల్లొరిన్' అని చట్టంలోనే వేరే పేరు ఉంది. మన దగ్గర పెట్టిన పేరు మన అమ్మలకూ అమ్మమ్మలకూ ఏమీ చెప్పని పేరు.

ఆహార పదార్థాల డబ్బాల మీద తప్పనిసరి వివరాలు ఆంగ్లంలో గానీ హిందీలో గానీ ఉంటే చాలని, మరో భాషను అదనంగా వాడుకోవచ్చని నిబంధన. ఆ వెసులుబాటును వాడుకునే కంపెనీలు నా కంటికి అరుదుగానే కనిపిస్తున్నాయి. తెలుగులో హోరెత్తే ప్రకటనలు ఇవ్వగలిగిన వాళ్లకు డబ్బా మీద తెలుగులో రెండు మాటలు అచ్చువేయడం బరువేమీ కాదు. 'పాల ఐస్‌క్రీం' అనో, 'నూనెతో చేసి గడ్డకట్టించిన డెజర్ట్' అనో, ఇంకా మంచి మాట దొరికితే అదో, పేరంత పెద్ద అక్షరాలలో ఉండాలి. గిన్నెలో ముద్దగా వేసి ఇచ్చే పార్లర్లలో చదువుకోవడానికి డబ్బా కూడా ఉండదు కనుక ధరల బోర్డు మీదే ఆ మాట రాయించాలి. హైదరాబాదు మొజంజాహి మార్కెట్‌లో పండ్ల ఐస్‌క్రీం చేత్తో తిప్పి చేసే దుకాణాల పేరు నిలబడింది చెప్పిన సరుకే ఇవ్వడం వల్ల కదా! రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రతా అధికారులు కేంద్ర సంస్థకు ఈ మేరకు సిఫారసు చేయాలని, ఈలోగా ఫ్రోజెన్ డెజర్టును ఐస్‌క్రీం అని బోర్డు పెట్టి అమ్మే చోట్ల తనిఖీలు జరపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

మీకూ ఒక విన్నపం. వంట శీర్షికలో ఇక మీదట 'ఒక లీటరు ఐస్‌క్రీం' అని రాయకండి. ఒక లీటరు డబ్బాలో గాలి ఎంతో, సరుకు ఎంతో కంపెనీని బట్టి మారుతుంది. తొమ్మిది అంగుళాల పైకి 600 గ్రాముల పాల ఐస్‌క్రీం అని, తూకం వేసి రాయించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు