పై బెర్తులో పనికొచ్చేది

అనంతపురం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

"నెలకు రెండుసార్లు బొంబాయి పోవాల, చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్ ఏది కొనమంటావో చెప్పు" అని ఒక్క ముక్క పడేసి ఊరుకున్నావు. అది ఫోన్లో తేలే సంగతి కాదప్పా. అందుకే భోంచేసి, పిల్లలు పడుకున్నాక కూర్చుని రాస్తున్నా. పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిక పట్టు.

ముందు నా కథ విను. పోయిన ఏడాది కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి పోయినప్పుడు మా బామ్మర్ది దగ్గర ఒక మిషన్ అడిగి తీసుకుపోయినా. పేరెందుకులే. మంచి స్క్రీన్, లోపల లాప్‌టాప్ అంత బలం, బరువు ముప్పాతిక కిలోకి కాస్త తక్కువ. ఒకటిన్నర రోజు ప్రయాణం, హాయిగా గడిచిపోతుందనుకున్నా. రాత్రి ఇక్కడ ఎక్కి పై బెర్తులో వెల్లకిలా పడుకుని పెద్ద కార్ల ఆట మొదలుపెట్టినా. గుంతకల్లు దాటీ దాటకముందే ఛార్జింగ్ అయిపోయింది. ప్లగ్గులో పెడదామని కిందికి దిగితే అందులో కరెంటు లేదు. రాత్రిపూట ఆపేస్తారంట, నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందే ఇంకో ముచ్చట జరిగిందిలే. నిద్రమత్తులో చేయి సడలి ఆ మిషన్ నేరుగా ముక్కు మీద పడింది. కింది బెర్తులో ఉన్న పెద్దాయన "ఏమైంది నాయనా" అని లైటేసి చూశాడు. ఏం చెప్పమంటావు?

తెల్లారి షోలాపూర్ దగ్గర ఛార్జింగ్ పెట్టి ఇంకో ఆట తెరిస్తే, లాగిన్ కావాలి, నెట్ కావాలి అంటుంది. రైల్లో నెట్ సంగతి నీకు తెలీనిదేముంది. మిగతా దారంతా చెనక్కాయలు వలుచుకుంటూ కిటికీలోంచి చూస్తూ పోయినా.

అందుకని నా మాట విను. బలం చూసి కొనొద్దు. మనం రైల్లో ఏకబిగిన ఆడమురా. టీసీ వస్తాడు, టీ వస్తుంది, గుంతకల్లులో దిగి ఉగ్గాని బజ్జి తినాలి. ఒక్క బటన్ నొక్కితే ఆట అక్కడికక్కడే ఆగాలి, గంట తర్వాత మళ్లీ అక్కడి నుంచే మొదలవ్వాలి. ఈ విషయంలో జపాన్ కంపెనీ నింటెండో చేసే స్విచ్, నెట్‌లో కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ వాళ్ల స్టీమ్ డెక్ రెండూ బాగుంటాయి. ఆర్ఓజీ అలై, లీజియన్ గో లాంటి వేరే కంపెనీల మిషన్లు ఎక్కువగా విండోస్ మీద నడుస్తాయి కాబట్టి కొంచెం లాప్‌టాప్ తంతే. ఇంట్లో టీవీకి తగిలించి ఆడేవాడికి అవి బాగానే ఉంటాయి. నీకు ఇంట్లో ఆడేంత తీరిక ఎక్కడిది?

ఇక బ్యాటరీ. స్టీమ్ డెక్‌లో ఓఎల్ఈడీ అనే మంచి స్క్రీన్ ఉన్న మోడల్ 2023 చివర్లో వచ్చింది, అందులో 50 వాట్ అవర్ల బ్యాటరీ. వాట్ అవర్ అంటే బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క. ఆటను బట్టి 3 నుంచి 12 గంటలు అంటుంది కంపెనీ. 12 గంటలు ఏదో చిన్న ఆటకు. పెద్ద ఆట పెడితే మూడు దగ్గరే ఆగుతుంది. స్విచ్‌లోనే చిన్న రకమైన స్విచ్ లైట్‌కు 3 నుంచి 7 గంటలు అని చెప్తారు. చూడ్డానికి తక్కువే. కానీ దాని బ్యాటరీ 13.6 వాట్ అవర్లే. నీ దగ్గరున్న 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో 74 వాట్ అవర్లుంటాయి. మధ్యలో వేడికి పోయేది పోగా స్విచ్ లైట్‌ను నాలుగుసార్లు నింపొచ్చు, డెక్‌నైతే ఒక్కసారే. ఎప్పుడైనా విమానంలో పోయినా ఆ పవర్ బ్యాంకు 100 వాట్ అవర్ల లోపే కాబట్టి ఇబ్బంది లేదు. చేతి సంచిలోనే పెట్టుకో, చెక్ ఇన్ బ్యాగులో వేయనివ్వరు.

ఇదేం కొత్త సంగతి కాదు. 1989లో నింటెండో వాళ్ల గేమ్ బాయ్ వచ్చినప్పుడు దానికి రంగుల్లేవు, వెనక లైటు లేదు. నాలుగు పెన్సిల్ సెల్లు వేస్తే పదిహేను గంటలకు అటూఇటూగా ఆడేది. మరుసటి ఏడు సెగా వాళ్లు రంగుల గేమ్ గేర్ తెచ్చారు. ఆరు సెల్లు మింగి మూడు నుంచి ఐదు గంటల్లో చేతులెత్తేసేది. చివరికి గెలిచింది గేమ్ బాయే, నీకు తెలుసు. గేమ్ బాయ్ చేసిన గున్‌పెయ్ యొకోయ్ గురించి ఒక ముచ్చట చెప్తారు. రైల్లో ఎవరో ఉద్యోగస్తుడు పొద్దుపోక కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతుంటే చూసి, జేబులో పట్టే ఆట చేయాలని తట్టిందంట. 1980లో గేమ్ అండ్ వాచ్ అలా పుట్టింది. ఈ వస్తువు పుట్టుకే రైలుబండిలో ఉందన్నమాట!

బరువు సంగతి నా ముక్కే చెప్తుంది. డెక్ 640 గ్రాములు, స్విచ్ లైట్ 275. కూర్చుని ఆడేటప్పుడు తేడా తెలీదు, పడుకుంటే తెలుస్తుంది.

ఫోన్‌కే కంట్రోలర్ తగిలించుకుంటే పోలా అంటావేమో. ఫోన్లోనే టికెట్టు, ఫోన్లోనే డబ్బులు, మా చెల్లెలు గంటకోసారి చేసే ఫోన్లూ అందులోనే. పుణె వచ్చేసరికి అది చచ్చిపోతే నువ్వేం చేస్తావు?

ఒక లోటు కూడా చెప్పాలి. స్విచ్, డెక్ రెండూ మన దేశంలో కంపెనీవాళ్లు నేరుగా అమ్మరు. బయటి నుంచి తెప్పించినవే దొరుకుతాయి. వారంటీ అంగడివాడి మాట మీదే. అందుకే ముఖం తెలిసినవాడి దగ్గర కొను, కొనేముందు బొటనవేళ్లతో తిప్పే రెండు స్టిక్కులూ వదిలేసి చూడు. ముట్టుకోకుండానే బొమ్మ నడుస్తుంటే వద్దని వచ్చేయ్.

నేనైతే చివరికి బెంగళూరులో సెకండ్ హ్యాండ్ స్విచ్ లైట్ కొన్నా. ఆటలు క్యాసెట్ల మాదిరి కార్డుల్లో కొంటా. చాలావాటికి నెట్ అక్కర్లేదు, ఆడేసినవి అమ్ముకోవచ్చు. నీకు స్టీమ్‌లో పాత ఆటలు చాలా ఉన్నాయి కాబట్టి డెక్ మీద మనసు లాగుతుందని తెలుసు. అదే కొంటే మాత్రం బయల్దేరే ముందు ఇంట్లో ప్రతి ఆటా ఒకసారి తెరిచి, నెట్ లేకుండా ఆడే ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టుకుని పో. 45 వాట్ల వేగంతో ఛార్జ్ చేసే పవర్ బ్యాంకు కూడా కావాలి.

తొందరపడి ఆర్డర్ పెట్టొద్దు. వచ్చే ఆదివారం ఇక్కడికి రా, నాది రెండు గంటలు ఆడి చూడు. వచ్చేటప్పుడు ఒక పని చెయ్. పెద్ద దర్గా ఉరుసులో మనిద్దరం చెరి సగం డబ్బులేసి కొన్న ఇటుకల ఆట డబ్బా గుర్తుందా? ఒక్కరోజు ఇస్తానని పట్టుకుపోయినావు. మీ అమ్మ ఏదీ పారేయదు, అటక మీదే ఉంటుంది. వెతికి తే. సెల్లు నేను కొంటా.

నీ,
మామ